పొగ లేని నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదు అంటారు. ఈ సామెత ఎక్కువగా ఎవరి మీద వాడతారో వేరే చెప్పనక్కరలేదు. ఒక ఆడపిల్ల గురించి వీధిలో ఎవరో ఏదో అన్నారంటే రుజువులు అడిగేవాళ్ళు ఉండరు. ఈ సామెత ఒకటి విసిరి ఊరుకుంటారు. పొగ కనిపించింది కాబట్టి నిప్పు ఉన్నట్టే. సరే, దీన్ని తిరగేస్తే ఏమవుతుంది? పొగ కనిపించకపోతే నిప్పు లేనట్టేనా? మా ఇంట్లో పెద్దవాళ్ళంతా లేనట్టే అనుకున్నారు. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు 2022 జనవరిలో, భోగికి రెండు రోజుల ముందు, ఏలూరులో మా అమ్మావాళ్ళింట్లో నేనూ, మా అమ్మా, పన్నెండు రోజుల నా కూతురూ ప్రాణాలు పోగొట్టుకోవలసింది.

బతికాం. అయితే నా పురిటి కష్టాలు చెప్పుకోవడం కోసం ఇది రాయడం లేదు. పొగరాని పొయ్యి, పొగరాని బొగ్గు, పొగరాని వంటిల్లు అంటూ డెబ్భై ఏళ్ళుగా మన పేరు మీద మాటలు నడుస్తున్నాయి. ఆ 'పొగరాని' అన్న మాటకి అర్థం ఎవరు నిర్ణయించారు, ఎవరి కళ్ళతో చూసి నిర్ణయించారు అన్నదే నా ప్రశ్న.

తెలుగులో కుంపటి అన్న ఒక్క మాటని పట్టుకుని ఆడదాని జీవితమంతా చెప్పేయొచ్చు. పెళ్ళి కాకపోతే కన్నవాళ్ళ గుండెల మీద కుంపటి. పెళ్ళయ్యాక మొగుడితో విడిగా వెళ్తానంటే వేరు కుంపటి పెట్టిన గయ్యాళి. ఇక బిడ్డని కంటే ఆమె మంచం కింద నిజం కుంపటే పెడతారు. మొదటి రెండింటి గురించీ మనం కథలు రాశాం, వ్యాసాలు రాశాం, సదస్సులు పెట్టుకున్నాం. మూడోది, మట్టితోనో ఇనుముతోనో చేసి, బొగ్గులు పోసి, ముట్టుకుంటే కాలే ఆ కుంపటి గురించి మాత్రం ఎక్కడా మాట్లాడుకున్న గుర్తు లేదు నాకు.

విమల 'వంటిల్లు' కవిత, పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ చదివి కళ్ళు తెరిచిన తరం మాది. వంటింట్లో రాజకీయం ఉందని మాకు వాళ్ళే చూపించారు. ఆ చూపుతోనే నేను స్త్రీల కథల్లో ఇల్లు అన్న అంశం మీద సిద్ధాంత గ్రంథం రాశాను. ఈ మధ్య దాన్ని బయటికి తీసి పొయ్యి అన్న మాట వచ్చిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకుంటూ పోయాను. అది ఒకచోట అణచివేతకి ప్రతీక, ఒకచోట ఆకలికి, ఇంకోచోట తిరుగుబాటుకి. అందులో మండుతున్నది కట్టెలా, పిడకలా, ఊకా, బొగ్గా అని ఒక్క పేజీలోనైనా అడగలేదు. దాని ముందు కూర్చున్న మనిషి ఏం పీలుస్తోందో అడగలేదు. రూపకం దొరకగానే పొయ్యిని వదిలేశాను. ఈ నేరం నాదొక్కదానిదే అని నేననుకోవడం లేదు.

జరిగింది చెప్తాను. ఏలూరు చలి ఏపాటిదో తెలిసిందే. జనవరి తెల్లవారుజామున పదిహేడు, పద్ధెనిమిది డిగ్రీలుంటే మాకు వణుకు. పచ్చి బాలింతకి ఆ చలి తగలకూడదు. మా అమ్మ చెప్పే జాగ్రత్తల జాబితా కొల్లేటి చాంతాడంత. చెవుల్లో దూది, నడుముకి నడికట్టు, పొద్దున్నే కాయం ముద్ద, స్నానమయ్యాక సాంబ్రాణి, రాత్రికి మంచం కింద కుంపటి. పురుడు వెళ్ళిన మర్నాడు రాత్రి చలి ఎక్కువగా ఉందని కుంపటి నిండా బొగ్గులు పోసింది.

ఆ బొగ్గుల కోసం ఆవిడ ఎంత తిరిగిందో నాకు తెలుసు. ఏలూరులో ఇప్పుడు బొగ్గులు కావాలంటే ఇస్త్రీ బళ్ళవాళ్ళు ఎక్కడ కొంటారో కనుక్కుని వెళ్ళాలి. కనుక్కుంది. రెండు బొగ్గులు ఒకదానికొకటి తగిలించి, గలగలమని మోగినవే ఏరి తెచ్చుకుంది. పిడకలయితే ఊరికే వచ్చేవి, కానీ పొగకి పసిపిల్ల కళ్ళు మండుతాయని వద్దంది. సాయంత్రం వసారాలో అంటించి, విసనకర్రతో విసిరి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా అయ్యేదాకా ఆగి అప్పుడు లోపలికి తెచ్చింది. ఇంతకన్నా శ్రద్ధగా ఎవరు చేస్తారు? మా నాన్న రిటైరయ్యాక కట్టించిన డాబా అది. కిటికీలకి అల్యూమినియం చట్రాలూ అద్దాలూ. దోమలు రాకుండా ఏసీ గొట్టం చుట్టూ ఉన్న సందులో కూడా గుడ్డలు కుక్కారు. తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టింది అమ్మ. తను నా పక్కనే నేల మీద పడుకుంది.

రాత్రి రెండింటికి నాకు తలనొప్పి మొదలైంది. నిద్రలేక అనుకున్నాను. తర్వాత వాంతి. పచ్చి బాలింతవి, నీరసం, కాయం పడలేదేమో అంది అమ్మ. ఆ మాట అంటూనే తన తల పట్టుకుంది. పిల్ల పాలకి లేవలేదు. హాయిగా పడుకుంది పాపం అనుకున్నాం. ఈ వాక్యం రాయడానికి నాకు మూడేళ్ళకి పైగా పట్టింది.

కోవిడు రోజుల్లో కొన్న ఆక్సిమీటరు ఇంట్లో ఉంది. అమ్మ దాన్ని తెచ్చి నా వేలికి పెట్టింది. తొంభై ఎనిమిది. ఏం ఫరవాలేదు, పడుకో అంది. ఆ చిన్న యంత్రం ఆ రోజు చెప్పింది అబద్ధమని నాకు తర్వాత తెలిసింది. వేలికి తగిలించే ఈ మామూలు ఆక్సిమీటరు ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ తేడా కనిపెట్టలేదు. రెండూ దానికి ఎర్రగానే కనిపిస్తాయి. విషం ఎక్కిన మనిషికి కూడా మంచి మార్కులే వేస్తుంది.

అయిదింటికి మా ఇంట్లో పాచిపని చేసే ఆవిడ వచ్చింది. మేం పిన్నీ అని పిలుస్తాం. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి ఏలూరులో స్థిరపడ్డ మనిషి. గుమ్మంలో నిలబడి నన్ను చూసింది, గోడకి చేరగిలబడ్డ అమ్మని చూసింది. "అమ్మాయిగారికంటే పురుటి నీరసం అనుకుందాం. మీరేం కన్నారని మీకూ వాంతులు? ఇద్దరికీ ఒక్కసారే ఏంటండి ఇది?" అంది. అంటూనే కిటికీ అద్దాలు బరబరా లాగేసింది. పిల్లని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది. తర్వాత వచ్చి పట్టకారుతో కుంపటి ఈడ్చి బయట పడేసింది. మా అమ్మ, ఆ స్థితిలో కూడా, "పిల్లకి చలిగాలి తగులుతుందే" అంటూనే ఉంది.

ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పీ వాంతులూ వస్తే ముందు ఈ విషవాయువుని అనుమానించాలని వైద్య పుస్తకాల్లో ఉంటుంది. పిన్ని ఆ పుస్తకాలు చదవలేదు. ఇద్దరు మనుషుల్ని ఒకేసారి చూసింది, అంతే. మేం మాత్రం బాలింతని మాత్రమే చూస్తున్నాం. బాలింతకి ఏమొచ్చినా ఆమె ఒంట్లోంచే వచ్చిందనుకోవడం మనకి అలవాటు. ఆసుపత్రిలోనూ అదే జరిగింది. అక్కడ డ్యూటీలో ఉన్నాయన అడిగిన మొదటి ప్రశ్న, "పొగ ఏమైనా పీల్చారా?" లేదన్నాను. నిజమే చెప్పాను, అసలు పొగే లేదు కదా. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని బీపీ చూడ్డంలో పడిపోయాడు. పిన్ని మళ్ళీ కల్పించుకుని "గదిలో బొగ్గుల కుంపటి ఉందండి, తలుపులన్నీ బిగించేశారు" అనకపోతే మాకు ఆక్సిజన్ పెట్టేవాళ్ళు కాదు.

సంగతేమిటంటే, బొగ్గు పొగ లేనిదేం కాదు. దాని పొగ ముందే ఖర్చయిపోయింది. కట్టెని సరిగ్గా గాలి అందకుండా కాలిస్తే పొగగా పోయేదంతా అక్కడే పోయి బొగ్గు మిగులుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైపు సర్కారు తుమ్మ కొట్టి ఇలా కాలుస్తారు. మా ఇంట్లో పసిపిల్ల కళ్ళలో పడకుండా మేం డబ్బిచ్చి తప్పించుకున్న పొగ ఆ బట్టీల దగ్గర కూలి చేసుకునేవాళ్ళ కళ్ళలో పడింది. పొగ ఎక్కడికీ పోలేదు, మనిషి మారింది. తీరా ఆ బొగ్గు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు, పొగ ఇసుమంత కూడా లేదని మనం సంబరపడుతున్న ఆ గడియల్లోనే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. కడుపులో ఉన్న బిడ్డకీ, అప్పుడే పుట్టిన బిడ్డకీ ప్రమాదం ఇంకా ఎక్కువ. వాళ్ళ ఒంట్లో ఉండే హిమోగ్లోబిన్ తీరు వేరు.

బొగ్గు గనుల్లో ఈ వాయువుని కనిపెట్టడానికి బ్రిటన్‌లో కానరీ పిట్టల్ని పంజరాల్లో పెట్టి లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. పిట్ట తూలి పడిందంటే మనుషులు బయటికి పరుగెత్తాలి. 1986 దాకా ఆ పద్ధతి సాగింది. అక్కడి పిట్టకి ఒక మర్యాద ఉంది, అది పడిపోతే దాని మాట నమ్మేవాళ్ళు. మన పురిటి గదుల్లో బాలింత పడిపోతే నీరసం అంటారు.

పొగరాని ఇంధనం అన్న ఆలోచన చట్టంలోకెక్కింది కూడా ఆ దేశంలోనే. 1952 డిసెంబరులో లండన్ నగరాన్ని పొగమంచు కమ్మి వేలమంది చనిపోయాక, 1956లో గాలి శుభ్రత కోసం చట్టం తెచ్చారు. కొన్ని ప్రాంతాల్లో ఇళ్ళలో చలి కాచుకోవడానికి పొగ రాని ఇంధనాలే వాడాలన్నారు. బాగానే ఉంది. కానీ ఆ ఇంధనం మండేది పొగగొట్టం ఉన్న పొయ్యిలో. కంటికి కనిపించనిది కూడా ఆ గొట్టంలోంచి పైకి పోతుంది, పోకపోతే ప్రమాదమని వాళ్ళకి తెలుసు. ఆ గొట్టం విరిగిపోయిందో మూసుకుపోయిందో చూసుకోకపోతే అక్కడా మనుషులు చనిపోతూనే ఉన్నారు. మన దగ్గరికి వచ్చేసరికి పొగ లేదు కాబట్టి గొట్టం అక్కర్లేదు, కిటికీ అక్కర్లేదు అన్నది ఇంగితజ్ఞానమైపోయింది.

గొట్టం సంగతి తెలిసినవాళ్ళు మన దగ్గర లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు గారు పొగగొట్టంతో ఒక పొయ్యి తయారుచేసి, కోట్లాదిమందికి పొగరాని వంటిళ్ళు కావాలని 1953లో ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి, 1983లో, కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో దాన్ని ఆపేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టామని లెక్క చెప్పింది. కట్టినవాటిలో ఎన్ని మండుతున్నాయన్నది వేరే లెక్క. గొట్టం పగిలితే మరమ్మతు చేసే మనిషి లేడు, పొయ్యి నోరు మా గిన్నెలకి సరిపోదు, పెద్ద కట్టె పట్టదు. పొయ్యి దగ్గర కూర్చునే మనిషిని ముందుగా అడిగి ఉంటే ఈ మూడు సంగతులూ మొదటి రోజే చెప్పేది. అంతకుముందు, 1980ల మొదట్లో, కిర్క్ స్మిత్ అనే పరిశోధకుడు తోటివాళ్ళతో కలిసి గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్ళు ఎంత పొగ పీలుస్తున్నారో కొలిచాడు. ఆడవాళ్ళు పీల్చేది కొలవదగిన వస్తువు అని శాస్త్రానికి తట్టింది అప్పుడు. గొప్ప పనే. అయినా కొలిచింది వంట దగ్గర. ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూడా చాలావరకు వంట దగ్గరే ఆగిపోయారు.

ఎందుకంటున్నానంటే, ఇల్లంటే వంటిల్లు ఒక్కటే కాదు. తాడేపల్లిగూడెంలో మా అత్తగారింటికి వెళ్ళి చూడండి. వంటింట్లో గ్రానైటు గట్టు, దాని మీద మూడు బర్నర్ల గ్యాసు పొయ్యి. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినా, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్ళు వచ్చినా అడిగేది వంటకి ఏం వాడతారనే. గ్యాసు, అని రాసుకుని వెళ్తారు. పెరట్లో వేన్నీళ్ళ పొయ్యి సంగతి ఎవరూ అడగరు. తెల్లారి నాలుగున్నరకి మా అత్తయ్య లేచి కొబ్బరి మట్టలూ డొక్కలూ ఎగదోసి, మంచుకి తడిసినవి అంటుకోక ఖాళీ పాల ప్యాకెట్లు వేసి రాజేస్తుంది. కాగులో నీళ్ళు కాగుతాయి. అందరి స్నానాలూ అయ్యేదాకా ఆ మంట ఆరకూడదు. ప్లాస్టిక్కు పొగా, పచ్చి మట్టల పొగా అన్నీ ఆవిడ ముక్కులోకే. గీజరు కొందామంటే మా మామయ్యగారు కట్టెల నీళ్ళ హాయి వేరమ్మా అంటారు. హాయి ఆయనది. దగ్గు ఆవిడది. రెండూ ఒకే పొయ్యిలోంచి వచ్చాయి.

అదే పెరట్లో ఒకప్పుడు ఊక పొయ్యి ఉండేదట. తాడేపల్లిగూడెం చుట్టూ రైసు మిల్లులే కదా. ధాన్యం ఆడిస్తే బరువులో అయిదో వంతు ఊకే. మా అత్తయ్య కాపరానికొచ్చిన కొత్తలో మిల్లుల దగ్గర అది గుట్టలు పడి ఉండేదనీ, బండి తోలుకెళ్ళినవాళ్ళకి దాదాపు ఊరికే వచ్చేదనీ చెప్తుంది. ఇనుప డబ్బా పొయ్యి మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ ఊక గట్టిగా కూరాలి. రోకలిని మెల్లగా తిప్పుతూ పైకి లాగితే మధ్యలో బెజ్జం నిలుస్తుంది. కింద పక్కనున్న కంతలోంచి చితుకులు అంటించి పెడితే రెండు గంటలు దాని మానాన అది మండుతుంది. గట్టిగా కూరితే పొగ తక్కువ. వదులైతే ఊక లోపలికి కూలి ఇల్లంతా కమ్మేస్తుంది. ఆ బిగువు ఎంత ఉండాలో చేతికే తెలియాలి. పెళ్ళయిన మొదటి ఏడాదంతా తనకి అది చాతకాలేదనీ, అత్తగారు తిట్టి తిట్టి నేర్పిందనీ నవ్వుతూ చెప్పింది. అంటే పొగ రాకుండా చేసే సాంకేతిక పరిజ్ఞానం ఒకటి ఈ పెరళ్ళలో ఉంది. దానికి ప్రభుత్వ కార్యక్రమాలు లేవు, పుస్తకాలూ లేవు. ఇప్పుడు ఊక కూడా లేదు. మిల్లు బాయిలర్లకీ, ఇటుక బట్టీలకీ, కరెంటు తయారీకీ పోతోంది. దానికొక ధర వచ్చింది, ధర వచ్చిన మరుక్షణం అది ఆడవాళ్ళ చేతిలోంచి జారిపోయింది. మా అత్తయ్య కొబ్బరి మట్టల్ని ఎంచుకుంది అని ఏ సర్వేవాడైనా రాసుకుంటే, ఎంచుకోవడం అన్న మాటకి అర్థమేమిటో వాణ్ణి అడగాలనుంది.

మా పిన్ని విషయంలో ఆ మాట ఇంకా హాస్యాస్పదం. కొల్లేరు ఎండాకాలం నీరు తీసినప్పుడు ఆ బీళ్ళలో వాళ్ళ గేదెలు మేసేవి. గేదెలున్నన్నాళ్ళూ పాలూ ఉన్నాయి, పిడకలూ ఉన్నాయి. తర్వాత సరస్సంతా చేపల చెరువులైంది. మేత పోయింది, గేదెలు అమ్ముకున్నారు, పిడకలు పోయాయి. చెరువుల మీద కూలి దొరికిందిలే అనుకుంటే, 1999లో అభయారణ్యం అన్నారు, 2005, 2006లో గట్లు పేల్చేశారు. సరస్సుని బతికించుకోవాలన్నదాంట్లో నాకు సందేహం లేదు. కానీ గట్టు కొట్టేసిన రోజున ఆ ఇంట్లో పొయ్యిలోకి ఏం పెట్టుకుంటారని ఎవరూ అనుకోలేదు. ఆ ఏడే వాళ్ళు ఏలూరు వచ్చేశారు. చెల్లెలు ఇంకా లంకలోనే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళన్నీ కొల్లేట్లోకి దిగినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. కట్టెలు తడిశాయి, పిడకలు ముద్దయ్యాయి. గ్యాసు బండ ఉంది, కానీ అయిపోతే ఎలాగని టీ కాచుకోవడానికి తప్ప ముట్టుకోలేదట.

ఈ బండల సంగతి కూడా చెప్పుకోవాలి. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబరులో దీపం రెండో విడత, ఏడాదికి మూడు బండలు ఉచితం. నేను వీటిని వెక్కిరించను. గ్యాసుని వెక్కిరించే హక్కు కట్టెల పొయ్యి ఊదినవాళ్ళకి తప్ప ఎవరికీ లేదు, వాళ్ళు వెక్కిరించరు. కానీ మొదట ప్రకటించిన పద్ధతి ఏమిటి? ముందు డబ్బు కట్టి బండ తీసుకోవాలి, ఆ తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ ముందు కట్టే డబ్బు ఏ ఇంట్లో ఎవరి జేబులో ఉంటుందో పథకం రాసినవాళ్ళకి తెలియదనుకోవాలా?

ఈ వ్యాసం చిత్తుప్రతి చూసి ఒక మిత్రురాలు, "ఇది ఆరోగ్య పత్రికకి రాయాల్సిందే, మనకెందుకు?" అంది. మనకే కావాలి అంటాను. బాలింత మాట ఎందుకు చెల్లదో, ఇంటి పనిలో ఏది పనిగా లెక్కకొస్తుందో, ఏ అనుభవం కథ అవుతుందో ఏది కాదో తేల్చే పని మనదని చెప్పుకుంటాం కదా. పురిటి నొప్పుల మీద కవిత్వం వచ్చింది. ఆ తర్వాతి నలభై రోజులు, తలుపులు మూసిన ఆ గది, అక్కడి గాలి మన సాహిత్యంలో ఎక్కడున్నాయి? ఆ గదిలో ఆడవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. అత్తలూ అమ్మలూ పిన్నులూ అందరూ మనవాళ్ళే. అక్కడ తప్పు జరిగితే వేలెత్తి చూపడానికి మగవాడు దొరకడు. మనం అటు చూడకపోవడానికి అది కూడా ఒక కారణమేమోనని నా అనుమానం.

ఇంకొకావిడ, నేను గౌరవించే పెద్ద రచయిత్రి, వేరే కోణంలో కోప్పడ్డారు. అమ్మమ్మల జ్ఞానాన్ని ఇలా కొట్టిపారేస్తే మిగిలేది కార్పొరేటు ఆసుపత్రే కదమ్మా అన్నారు. నేను కొట్టిపారేయడం లేదు. మా అమ్మమ్మ కొల్లేటి ఒడ్డున తాటాకింట్లో అయిదుగురిని కంది, అయిదుసార్లూ మంచం కింద నిప్పు పెట్టారు. ఏమీ కాలేదు. చూరుకీ గోడకీ మధ్య జానెడు సందు, తడికె తలుపు. పైగా అది పిడకల నిప్పు, పొగ ఎక్కువైతే కళ్ళు మండి ఎవరో ఒకరు తడికె తోసేవాళ్ళు. ఆ నిప్పూ ఆ ఇల్లూ కలిసి ఒక జ్ఞానం. మేం నిప్పుని తెచ్చుకుని ఇంటిని మార్చేశాం. ఇంటికి అద్దాలు బిగించి, నిప్పుకి పొగ తీసేసి, అమ్మమ్మ పద్ధతే పాటిస్తున్నాం అనుకున్నాం. అమ్మమ్మ బతికుంటే ఆ గదిలోకి రాగానే కిటికీ తెరవమనేదని నా నమ్మకం. కుంపట్లనీ కట్టెల పొయ్యిలనీ తలుచుకుని కళ్ళు తుడుచుకునే వ్యాసాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. కట్టెల పొయ్యి బిర్యానీ అని హోటళ్ళ ముందు బోర్డులు కూడా పెడుతున్నారు. ఆ కళ్ళలో నీళ్ళు ఎందుకొచ్చేవో అప్పుడు వంట చేసినవాళ్ళని అడిగితే వేరే చెప్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇళ్ళలో ఇంధనాల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. ఇళ్ళలో ఇంధనాలు కాల్చడం వల్ల 2020లో ముప్ఫై రెండు లక్షలమంది చనిపోయారని దాని అంచనా. కట్టె బొగ్గుని ఆ సంస్థ పరిశుభ్రమైన ఇంధనాల్లో లెక్కవేయదు. ఇది తెలియడానికి నాకు పిహెచ్‌డి సరిపోలేదు, చావు దాకా వెళ్ళాల్సొచ్చింది. పిల్ల పుట్టాక ఆశా కార్యకర్త మా ఇంటికి వచ్చింది. బరువు చూసింది, జ్వరం చూసింది, బిడ్డని వెచ్చగా ఉంచండి అని చెప్పింది. దేనితో వెచ్చగా ఉంచుతున్నారని అడగమని ఆమెకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ ఒక్క ప్రశ్న, గదిలో కుంపటి ఉందా, కిటికీ తెరిచి ఉందా అన్నది, ఆమె చేతిలో కాగితం మీద చేర్చడానికి కోట్లు అక్కర్లేదు.

వెచ్చగా ఉంచే దారులు లేవా అంటే ఉన్నాయి. కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర్లో, ఒక ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువగా పుట్టిన పిల్లల్ని తల్లుల ఛాతీకి ఆనించి కట్టి పెంచారు. మనిషి ఒంటి వేడి ఏ పొయ్యికీ తీసిపోదని తేలింది. ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు. తండ్రి ఛాతీ అయినా పనికొస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆయన్ని చొక్కా విప్పి కూర్చోమంటే మా అమ్మ సిగ్గుపడి గదిలోంచి వెళ్ళిపోయింది. మా నాన్న అయితే మగాడి చేత ఇవేం పనులు అన్నాడు. పిల్ల మాత్రం రెండు గంటలు కదలకుండా నిద్రపోయింది. ఈసారి నేను నిద్రపోలేదు. అర నిమిషానికోసారి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను.

మా చెల్లెలికి ఇప్పుడు ఎనిమిదో నెల. పురుడు పోసేది మళ్ళీ ఆ ఇంట్లోనే, నెలలు చూస్తే మళ్ళీ చలికాలమే. మొన్న అమ్మ ఫోను చేసింది.

"ఇది నువ్వు భయపడ్డ బొగ్గు కాదే. కొబ్బరి చిప్పలతో చేసిందట, పెట్టెల్లో వస్తోంది. అసలు పొగన్నదే రాదట."

"ఆ రోజు మాత్రం పొగ వచ్చిందా అమ్మా?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి పిల్లకి చలేస్తే?" అంది.

వేన్నీళ్ళు పోసుకునే రబ్బరు సంచులు రెండు కొన్నాను. చెల్లెలి మొగుడికి ఫోను చేసి నెలరోజులు సెలవు పెట్టమన్నాను, చూస్తానన్నాడు. వచ్చే నెల మొదటివారంలో నేను ఏలూరు వెళ్తున్నాను. ఏసీ గొట్టం చుట్టూ కుక్కిన గుడ్డలు తీసేయమని పిన్నికి ముందే చెప్పాను. తీసేసిందట, అమ్మ మళ్ళీ కుక్కిందట.